నళిని రాసే తేదీలు
తాను టైప్ చేస్తుంటే కంప్యూటర్‌కి చెమటలు పడతాయని కొండల్ రావు చెప్పుకునేవాడు. పంతొమ్మిది వందల ఎనభై నాలుగులో, అమెరికాలో సన్నీవేల్ అనే ఊళ్లోని ఒక ల్యాబ్‌లో అతనిది రికార్డులు ఎక్కించే ఉద్యోగం. తేదీని మాత్రం ఒక పూట నెలతో, ఒక పూట రోజుతో మొదలుపెట్టేవాడు. పక్క సీటు నళినిది ఎప్పుడూ ఒకటే తీరు: ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు, ఆపైన ఇరవైనాలుగు గంటల లెక్కలో టైము. సూపర్‌వైజర్ పోస్టు ఇద్దరిలో ఒకరికే అని తెలిసిన రోజు నుంచి అతను కడుపుమంటతో, లంచ్ మానేసి మరీ, ఆమె రికార్డుల్లో తప్పులు వెతికాడు.

"ఏమైనా దొరికిందా, రావుగారూ?" అని ఆమె నవ్వితే, "నీ మంచికేలేమ్మా" అనేవాడు.

నాలుగు నెలలకీ ఒక్క తప్పూ దొరకలేదు సరికదా, చూసి చూసి అతని వేళ్లకే ఆమె తీరు అలవాటైపోయింది. ఒకరోజు మేనేజర్ అతని భుజం తట్టాడు.

"నీ డేట్స్ ఇప్పుడు పర్ఫెక్ట్, రావ్. నిన్నే ట్రైన్ చేసిందంటే ఇక ఎవరినైనా చేయగలదు. పోస్టు నళినికే ఇస్తున్నాను."