మిరప కల్లంలో ఆరబెట్టిన బ్యాటరీ

బుధవారం పొద్దున ఏసుదాసు గారి ఫోన్ వచ్చినప్పుడు నేను పళ్ళు తోముకుంటున్నాను. నోట్లో నురగ ఉన్నప్పుడు ఎవరికీ మాట ఇవ్వకూడదని ఆ రోజే తెలిసింది.

"వందనాలు సార్. మా సలోమి ఫొటో మీ కాడ ఉందని ఒకసారి అన్నారు. ఉందా అండీ?"

"ఉందండి" అనేశాను.

సలోమి టీచరూ నేనూ మార్టూరు అవతల ఒక పల్లెటూరి బడిలో తొమ్మిదేళ్ళు కలిసి పనిచేశాం. ఆవిడ రిటైరైన రోజు నా డిజిటల్ కెమెరాతో ఒక ఫొటో తీశాను. కిందటేడు ఆవిడ పోయారు. ఈ ఆదివారం జ్ఞాపకార్థ కూడిక. సమాధి మీద పెట్టడానికి నల్లరాయి తయారైంది, పేరు కూడా చెక్కారు. పేరు పైన ముఖం చెక్కించాలని భర్త ఏసుదాసు గారి కోరిక. కెమెరా కనపడితే కొంగు అడ్డం పెట్టుకునే మనిషి కాబట్టి ఇంట్లో ఆధార్ కార్డు మీది ఫొటో తప్ప ఇంకోటి లేదు. ఆధార్ ఫొటోలో మనం ఎలా ఉంటామో మనందరికీ తెలుసు. మార్టూరులో రాయి మీద బొమ్మ చెక్కే మిషను చంద్రం అనే అతనిది. శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా ఫొటో అందితేనే చెక్కుతాడు, ఆ తర్వాత షెడ్డుకు తాళం వేసి పెళ్ళికి వెళ్ళిపోతాడు, మళ్ళీ సోమవారమే.

కెమెరా బీరువాలో దొరికింది. మెమరీ కార్డు లేదు. ఆ రోజు కార్డు ఇంట్లో మరిచిపోయి కెమెరా లోపలున్న కాస్త జాగాలోనే ఫొటోలు తీసిన సంగతి గుర్తుంది. తర్వాత వాటిని చెరిపేశానా లేదా అన్నది మాత్రం గుర్తులేదు. కెమెరాకు లోపల మెమరీ ఉంది, నాకే లేదు.

చూద్దామంటే బ్యాటరీ చచ్చి ఉంది. అగ్గిపెట్టెలో సగం ఉండే పల్చటి బిళ్ళ అది. ఛార్జరులో పెడితే ఎర్రదీపం గబగబా కొట్టుకుంది, నా గుండెతో పందెం వేసుకున్నట్టు. రాగి రేకుల మీద పేరుకున్న మసిని రబ్బరుతో తుడిచాను. బడిపంతులు ఇంట్లో రబ్బరుకు కొదవ ఉండదు. దీపం నిలిచింది, తెల్లారేసరికి పచ్చగా మారింది. ఆనందంగా కెమెరా మీట నొక్కాను. లెన్సు సగం బయటికొచ్చి, తెర మీద బ్యాటరీ బొమ్మ ఒక్కసారి మెరిసి, అంతా ఆరిపోయింది. లెన్సు అలాగే బయట ఉండిపోయింది, నన్ను చూసి నాలుక బయటపెట్టినట్టు. మళ్ళీ ఛార్జి చేశాను, మళ్ళీ అదే.

గురువారం సాయంత్రం మా నల్లపాడు నుంచి ఆటోలో గుంటూరు వెళ్ళి స్టూడియోలన్నీ తిరిగాను. ఆ రకం బ్యాటరీ ఎవరి దగ్గరా లేదు. ఆర్డరు పెడితే ఐదు రోజులట. చివరి దుకాణంలో తెల్లగడ్డం ఆయన బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఉబ్బలేదు, అదే అదృష్టం. కానీ ముసలిదైపోయింది సార్. నిండుతుంది, నిలవదు. ఎక్కడ వాడాలో అక్కడే ఛార్జి పెట్టి, తీసిన వెంటనే వాడండి. రెండు మూడు నిమిషాలు రావచ్చు."

నాకూ ఆ లక్షణాలే ఉన్నాయి కాబట్టి వెంటనే నమ్మాను. ఫొటోలు దించుకోవడానికి ఒక పాత రకం మెమరీ కార్డు ఆయనే సొరుగులోంచి తీసి ఇచ్చాడు.

శుక్రవారం పొద్దున ఏడూ నలభైకి ఇల్లు వదిలాను. సంచిలో కెమెరా, బ్యాటరీ, ఛార్జరు, కార్డు, మంచినీళ్ళు. ఎనిమిదిన్నరకు గుంటూరు బస్టాండులో ఒంగోలు బస్సు దొరికింది. కిటికీ పక్క సీటు కావాలంటే పావుగంట ముందు వెళ్ళండి. ఆడవాళ్ళకు టికెట్ లేని రోజులు కాబట్టి బస్సు నిండా వాళ్ళే. ముగ్గురి సీటులో నేనొక్కణ్ణే డబ్బిచ్చినవాణ్ణి. నా దగ్గర ఉచితంగా దొరికేది ఆందోళన ఒక్కటే.

చిలకలూరిపేట దాకా మాటిమాటికీ సంచి తడుముకుంటూ కూర్చున్నాను. పక్కనున్న పెద్దావిడ చూసి చూసి అడిగింది.

"ఏందయ్యా, బంగారమా?"

"బ్యాటరీ అండీ."

"బాంబు కాదుగా?" అని ఆవిడ నవ్వింది. ముందు సీటు వాళ్ళు మాత్రం నవ్వలేదు, వెనక్కి తిరిగి నా సంచి వంక చూశారు.

రోడ్డుకు రెండు పక్కలా పత్తి తీసేసిన చేలు, ఎండుకట్టె మోళ్ళు, అక్కడక్కడా ఎర్రటి కల్లాలు. పదీ ఇరవైకి మార్టూరులో దిగాను. రోడ్డు పొడవునా గ్రానైటు షెడ్లే. చెట్ల ఆకుల మీద కూడా రాతిపొడి ఉంటుంది. తెల్లచొక్కా వేసుకుని వెళ్ళేవాళ్ళకు ఇక్కడ ఇబ్బంది లేదు. ఆటోలో అద్దంకి వైపు ఇరవై ఐదు నిమిషాలు వెళితే ఏసుదాసు గారి ఊరు.

ఆయన వీధి చివరకే ఎదురొచ్చారు. సన్నటి మనిషి, ఏడాదిలో ఇంకా సన్నబడ్డారు. "తెచ్చారా సార్?" అన్నారు. నేను కెమెరా చూపించాను. ఫొటో ఉందో లేదో నాకే తెలియదని చెప్పడానికి నోరు తెరిచాను కానీ, ఆయన కెమెరాను రెండు చేతులా పట్టుకున్న తీరు చూసి మళ్ళీ మూసుకున్నాను.

పదకొండింటికి వరండాలో ఛార్జరు పెట్టాం. ఎర్రదీపం నిలకడగా వెలిగింది. రెండు గంటలు ఛార్జి కానిచ్చి, భోంచేసి, ఇద్దరం మార్టూరు వెళ్ళాలన్నది ఏర్పాటు. ఏసుదాసు గారి అక్క దీనమ్మ గారు గోంగూర పచ్చడి, పప్పుచారు, కోడిగుడ్ల కూర వండారు. అన్నం ముందు ఏసుదాసు గారు ప్రార్థన చేశారు. వంట చేసిన చేతుల్నీ, ప్రయాణం చేసి వచ్చిన మాస్టారినీ దీవించమని అడిగాక, "ఆ బ్యాటరీని కూడా జ్ఞాపకం చేసుకో ప్రభువా" అన్నారు. ఆమెన్ అందరికంటే గట్టిగా నేనే అన్నాను.

తింటుండగా ఫ్యాను ఆగింది. లైను మీద పని ఉందట. చేయి కడుక్కుని వరండాలోకి వచ్చేసరికి ఛార్జరు ఉంది, బ్యాటరీ లేదు.

"బిళ్ళ ఏదమ్మా?" అన్నాను.

దీనమ్మ గారు కల్లం వైపు చేయి చూపారు. "కరెంటు పోయిందిగా! ఊరికే ఉండటం ఎందుకని ఎండలో పెట్టా. మా టార్చిలైటు బ్యాటరీలు నీరసిస్తే అట్టానే ఎండబెడతాం. మళ్ళా రెండు రోజులు వెలుగుతయ్."

ఇంటి వెనక అర ఎకరం మేర పరదా పట్టాల మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. వాటి మీద నలుగురు కూలి ఆడవాళ్ళు వరసగా నడుస్తూ, కాళ్ళతో దున్నుకుంటూ కాయల్ని కింద మీద చేస్తున్నారు.

"ఏ పక్కన పెట్టావే అక్కా?" అని అరిచారు ఏసుదాసు గారు.

"ఈ చివరే, పరదా మీదే పెట్టా! వీళ్ళు అప్పుడే తిరగేశారా? ఒసే, ఆగండే, మాస్టారి బిళ్ళ తొక్కుతున్నారు!"

అందరం వంగి వెతకడం మొదలుపెట్టాం. ఎర్రటి కాయల మధ్య నల్లటి బిళ్ళ వెంటనే కనపడుతుందనుకున్నాను. కనపడలేదు. మొదటి పది నిమిషాలు తుమ్ములు. తర్వాత నుదుటి చెమట ముంజేత్తో తుడుచుకోబోయి కన్ను తుడుచుకున్నాను. ఆ తర్వాత నేను వెతకలేదు, ఏడ్చాను. దుఃఖం వల్లో మిరప వల్లో ఎవరికీ తేల్చి చెప్పనవసరం లేకపోవడం ఒక్కటే అందులో సుఖం. ఏసుదాసు గారు మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని, పిడికెడు పిడికెడు కాయలు పక్కకు తీస్తూ ముందుకు జరుగుతున్నారు. ఆయన్ని అలా చూడటమే కంటి మంటకంటే కష్టంగా ఉంది.

పన్నెండూ యాభైకి కూలి మనిషి ఒకావిడ, "ఇదేనా సారూ? కాలుతుంది" అంటూ అరచేతులు మార్చుకుంటూ తెచ్చింది.

ఒంటిగంటా పదికి కరెంటు వచ్చింది. ఛార్జరులో పెట్టాను. ఎర్రదీపం గబగబా కొట్టుకుంది. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాను. అదే కొట్టుకోవడం. దీనమ్మ గారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

"నేనే చెడగొట్టానా తమ్ముడూ?"

ఏసుదాసు గారు, "లేదులే అక్కా, మార్టూరులో చూపిద్దాం" అన్నారు. నా వంక చూడలేదు.

ఆటోలో బ్యాటరీని మళ్ళీ పోగొట్టుకోకూడదని గుప్పిట్లో బిగించి పట్టుకున్నాను. దారిలో టైరు గాలి దిగి అరగంట పోయింది. రెండూ ఇరవైకి మార్టూరు చేరి, సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలోకి వెళ్ళాం. కౌంటరులో ముప్పై ఏళ్ళ అమ్మాయి, ముక్కుకు అడ్డంగా గుడ్డ కట్టుకుని ఏదో అతుకు పెడుతోంది. బ్యాటరీ ఇచ్చాను.

"అబ్బ, ఇదేందండీ ఇట్టా కాలిపోతుంది?"

జరిగింది చెప్పాను. ఆ అమ్మాయి మిరపకాయల సంగతికి నవ్వలేదు, గుప్పిటి సంగతికి నవ్వింది.

"వేడిగా ఉంటే ఛార్జరు ఒప్పుకోదండి. కాల్చుకోకుండా అదే ఆపుద్ది. అందుకే ఆ దీపం. మీరేమో కోడిగుడ్డును పొదిగినట్టు పొదిగారు."

బ్యాటరీని కౌంటరు మీద పెట్టింది. కౌంటరు ఆ ఊరి రాయే, నున్నటి గ్రానైటు పలక, పైన ఫ్యాను. రాయి మీద చేయి పెడితే కుండను తాకినంత చల్లగా ఉంది. పావుగంట ఆగాం. నేను గడియారం చూస్తూ, ఏసుదాసు గారు నన్ను చూస్తూ. తర్వాత నా ఛార్జరులోనే పెట్టింది. ఎర్రదీపం వెలిగి, నిలిచింది.

"ఎంతసేపు పెడదాం?"

"నాలుగింటికి చంద్రం వెళ్ళిపోతాడమ్మా" అన్నారు ఏసుదాసు గారు.

"అయితే మూడున్నర దాకా ఉంచుదాం. ఆన్ చేస్తే ఏమవుతుందండీ అసలు?"

లెన్సు సగం వచ్చి ఆరిపోతుందని చెప్పాను. ఆ అమ్మాయి కెమెరా తీసుకుని వెనక వైపు చూసింది.

"లెన్సు బయటికి తొయ్యటానికే దీని ఊపిరంతా పోతుంది సార్. తీసిన ఫొటో చూడటానికి లెన్సు ఎందుకు? పైన మీట ముట్టుకోమాకండి. వెనక ఈ త్రిభుజం బొత్తం నొక్కి పట్టుకోండి, తెర ఒక్కటే వెలుగుద్ది."

ఆ త్రిభుజం పన్నెండేళ్ళుగా నా బొటనవేలి కిందే ఉంది. పిల్లలకు త్రిభుజాలు చెప్పి రిటైరైనవాణ్ణి నేను.

మూడూ ముప్పై ఐదుకు బ్యాటరీ తీసుకుని చంద్రం షెడ్డుకు నడిచాం. ఈసారి బ్యాటరీని రుమాల్లో చుట్టి రెండు వేళ్ళతో పట్టుకున్నాను. చంద్రం స్నానం చేసి, పెళ్ళి చొక్కా వేసుకుని ఉన్నాడు. నల్లరాయి మిషను కింద పడుకోబెట్టి ఉంది. దాని మీద సలోమి టీచరు పేరు, పైన ఖాళీ.

"ఏం మాస్టారూ, చెక్కడానికే గంటన్నర పడుద్ది. నాలుగన్నానని ఇప్పుడా వచ్చేది?" అన్నాడు.

కార్డు లోపల పెట్టాను. బ్యాటరీ పెట్టాను. త్రిభుజం నొక్కాను. తెర వెలిగింది. ఫొటోలు చూస్తూ కూర్చుంటే ఛార్జింగు తరుగుతుందని భయపడి, ఉన్నవన్నీ కార్డులోకి ఎక్కించే ఆదేశం ఇచ్చాను. చిన్న గీత కుడివైపుకు పాకడం మొదలుపెట్టింది. సగం దాటాక బ్యాటరీ బొమ్మ ఎర్రబడింది. ఆ గీత చివరికి చేరేదాకా ముగ్గురం తెర మీదికి వంగి ఉన్నాం. చేరింది. తెర ఆరిపోయింది. మళ్ళీ నొక్కినా వెలగలేదు.

చంద్రం కార్డును కంప్యూటరులో పెట్టాడు. పదకొండు ఫొటోలు. ఏసుదాసు గారికి చెప్పాల్సిన మాట ఇప్పుడైనా చెప్పాలి.

"ఏసుదాసు గారూ, ఆ ఫొటో ఇందులో ఉందని నాకు గట్టిగా తెలియదండి. చెరిపేశానేమో కూడా."

"తెలుసులెండి" అన్నారాయన. "మీరు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నప్పుడే తెలిసింది. ఉంటే మీరు ఇంత భయపడరుగా."

మొదటిది బడి గేటు. రెండోది నా బొటనవేలు. మూడోది నల్లబల్ల. నాలుగూ ఐదూ మళ్ళీ నా వేలే, వేర్వేరు కోణాల్లో. చంద్రం నా వంక అదోలా చూశాడు. ఆరు, ఏడు, ఎనిమిది పూలదండలూ కుర్చీలూ. తొమ్మిదోది సలోమి టీచరు.

చేతిలో సుద్దముక్క, కళ్ళజోడు పైనుంచి సూటి చూపు. ఏదో అనబోయి ఆగినట్టు పెదవులు. కళ్ళజోడు కుడి కాడ విరిగితే పురికొసతో కట్టి ఉంది. ఆ ముడి కొస చెవి పక్కన నిక్కబొడుచుకుని ఉంది.

ఏసుదాసు గారు కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నారు. నేను జరిపాను.

చంద్రం ఫొటోను పెద్దది చేశాడు. "బాగుందండి, చెక్కుతా. ఈ దారం మాత్రం తుడిచేస్తా. నల్లరాయి మీద తెల్లగా పడితే గీత పడిందనుకుంటారు జనం."

"ఉంచు బాబూ."

"లోపంలా కనపడుద్ది పెద్దాయనా. తర్వాత నన్ననకూడదు."

"మిరపబస్తా కుట్టే పురికొస అది. కొత్తది కొనుక్కోవే అంటే, ఈ ముడి గట్టిగానే ఉందిగా అనేది. వేసింది నేను. ఉంచు."

చంద్రం పెళ్ళివాళ్ళకు ఫోన్ చేసి గంటన్నర ఆలస్యమవుతుందని చెప్పాడు. కోపంగానే చెప్పాడు కానీ, చెప్పేటప్పటికే మిషను తిప్పేశాడు.

నాలుగూ నలభైకి గుంటూరు బస్సు ఎక్కాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. బస్సులు అరగంటకొకటి ఉంటాయి. భోజనం ఎవరింట్లోనైనా దొరికితే గోంగూర వదలకండి. పాత కెమెరా ఏదైనా ఇంట్లో ఉంటే బ్యాటరీ విడిగా తీసి చల్లటి చోట పెట్టండి, అందులో ఏముందో ఇవాళే చూసుకోండి. ఎవరైనా ఫోన్ చేసి అడిగేదాకా ఆగవద్దు. భయం వేసిందని చెప్పడానికి సిగ్గుపడవద్దు. దాచామనుకున్న భయం అవతలివాళ్ళకు ఎప్పుడో కనపడిపోయి ఉంటుంది.

చిలకలూరిపేట దాటాక కన్ను మంట తగ్గింది. ఇంకాసేపటికి ఫోన్ మోగింది. మిషను చప్పుడు ఆగిపోయిన షెడ్డులోంచి ఏసుదాసు గారి గొంతు.

"సార్, అయిపోయిందండి. వేలు పెట్టి చూశాను. ముడి తగులుతుంది."