అత్తమ్మ పెట్టని హోటల్

పోయిన సోమవారం పొద్దున మా అత్తమ్మ చనిపోయింది. కబురు విని వచ్చిన చుట్టాలంతా ఆమె చేతి వంట గురించి చెప్పుకున్నారు. హోటల్ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. మా ఆయన ముందు ఎత్తరు. అందుకే నేను రాస్తున్నాను.

మా మామ పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి చనిపోయాడు. నేను కోడలిగా వచ్చిన ఏడాదే అది. కొన్నాళ్లకు అత్తమ్మ, "షిఫ్టు దిగినోళ్లకు ఇంత మంచి అన్నం పెట్టే హోటల్ పెడుదాం" అంది. మా ఆయన తన ఫ్యాక్టరీ ఉద్యోగం మానేసి మరీ ఒప్పుకున్నాడు. పెద్ద రోడ్డు పక్కన మూతపడిన లేత్ మిషన్ షెడ్డు కిరాయికి దొరికింది.

నేలంతా ఏళ్లనాటి నల్లటి ఆయిలు. అత్తమ్మా నేనూ రేకు ముక్కలతో గీకి, సోడా చల్లి కడిగాం. ఇనుప పొట్టు వేళ్లలో దిగేది. వంటింటి గోడ పగలగొట్టి కిటికీ పెట్టమని అత్తమ్మ అంటే, మేస్త్రి ఎందుకన్నాడు.

"వండేటోళ్లు మనుషులు గారా?" అంది.

వడ్రంగి వీపు ఆనించే వీల్లేని బెంచీలు తెచ్చాడు. అట్లయితే జనం తినగానే లేస్తారని అతని ఉపాయం. ఆమె వాపస్ పంపింది. "పొద్దంత నిలవడి పనిజేసి వస్తరు. జెర ఆనుకొని కూసోనియ్యి."

మామ పోయాక ఆమె నవ్వగా చూసింది ఆ రోజుల్లోనే.

షెడ్డు వెనక బోరు వేయించాం. నీళ్లు తేటగానే పడ్డాయి. తెరవడానికి ముందురోజు అత్తమ్మ కొత్త పొయ్యి మీద అన్నం వండింది. మూత తీస్తే మెతుకులు పచ్చబడి ఉన్నాయి, గుప్పుమని ఫ్యాక్టరీ మందుల వాసన. మళ్లీ వండింది. అదే వాసన. ట్యాంకర్ తెప్పిస్తే అదీ ఆ చుట్టుపక్కల బోరు నీళ్లే.

"ఈ రోడ్డు మీద అందరు గివే నీళ్లు వాడుతున్నరక్కా. మసాలా ఏస్తే తెల్వది" అన్నాడు మేస్త్రి.

"నాకు తెలుస్తది గద."

మా ఆయనకు కోపం ఆగలేదు. "నౌకరి ఇడిసిపెట్టి వచ్చిన్నమ్మా! నీ ఒక్కదాని ముక్కుకే వచ్చిందా వాసన?"

"తినెటోళ్ల అమ్మలు యాడనో ఉన్నరు బిడ్డా. నన్ను నమ్మి తింటరు. నేను పెట్ట."

ఆ అన్నం కుక్కలకు కూడా వేయలేదు. గుంత తీసి పూడ్చిపెట్టింది.

షెడ్డు ఇంకొకరు తీసుకున్నారు. మేం కట్టించిన పొయ్యి, మేం చేయించిన బెంచీలు, అవే నీళ్లు. ఆ హోటల్ బాగా నడిచింది. ఇప్పటికీ నడుస్తోంది. మా ఆయనకు పాత ఉద్యోగం మళ్లీ దొరకలేదు. కాంట్రాక్టరు కింద డ్రమ్ములు మోశాడు. అత్తమ్మ సంగారెడ్డిలో ఒక హాస్టల్లో రొట్టెలు చేయడానికి కుదిరింది. ఒకే ఇంట్లో ఉంటూ ఏళ్ల తరబడి ఆయన ఆమెతో మాట్లాడలేదు. ఏదన్నా ఉంటే "మీ అత్తమ్మకు చెప్పు" అనేవాడు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "బాధగా లేదా అత్తమ్మా?" అని.

"ఎందుకుండదే? వాడు మాట్లాడక నా పానం పోతున్నది. అయినా మల్లొకసారి వండినా గట్లనే జేస్త."

ఈ వానాకాలం ఆమె మంచం పట్టింది. మాట పడిపోయింది. ఒకరోజు మా ఆయన పనిలోంచి వచ్చి, బట్టలైనా మార్చకుండా నా చేతిలోని జావ గిన్నె తీసుకున్నాడు. చెంచా చెంచాకూ ఊది ఆమె నోటికి అందించాడు. ఆమె మింగుతూనే, చేతిని ఎట్లాగో పైకి లేపి, కొంగుతో ఆయన మెడ మీది చెమట తుడుస్తూ ఉంది.