మిషన్ పట్టని బొటనవేలు

నా బొటనవేలిని రేషన్ దుకాణంలోని మిషన్ గుర్తుపట్టడం మానేసి చాలా ఏళ్లయింది. పెళ్లయి వరంగల్ వచ్చిన నాటి నుంచి మిర్చి యార్డులో తొడిమలు తీస్తున్నాను. ఎండుమిరపకాయ తొడిమ ఎంతో ఉండదు, చిటికెన గోరంత. కానీ పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా అదే గిల్లుడు. గిల్లీ గిల్లీ వేలికొసల మీది గీతలు అరిగిపోతాయి. మిషన్ మీద వేలు పెడితే ఎర్రలైటు వెలుగుతుంది. డీలరు విసుక్కుంటాడు, వెనక లైనులో ఉన్నవాళ్లు గొణుగుతారు.

మా యార్డు ఆడవాళ్లకు దీనికో ఉపాయం తెలుసు. బొటనవేలిని నూనె పెట్టిన పాపిట్లో రెండుసార్లు రుద్ది, మిషన్ మీద మెల్లగా ఆనించాలి. గట్టిగా నొక్కితే పట్టదు. ఎవరు కనిపెట్టారో తెలియదు, ఒకరిని చూసి ఒకరం నేర్చుకున్నాం. అక్షరం ముక్క రాని రోజుల్లో నాకు వచ్చిన విద్యల్లో అదొకటి. మా అమ్మాయి డాక్టరు చదువు పరీక్షకు అది పనికొస్తుందని అప్పుడెవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని.

మా అమ్మాయికి పంటి డాక్టరు కావాలన్న కోరిక నా నోట్లోనే పుట్టింది. తను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు నాకు పై దవడ పన్ను పుచ్చి చెంప ఉబ్బింది. హన్మకొండలో ఒక పంటి దవాఖానకు వెళ్లాం. చీటీలు చదవడానికి తనను వెంట తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మది చిన్న వయసు. పన్ను తీసి, మా అమ్మాయిని దగ్గరికి పిలిచి, "చూడు, దీనికి మూడు వేర్లున్నాయి" అంది. నేను దూది కరిచిపట్టుకుని కూర్చుంటే వాళ్లిద్దరూ నా పన్నును అటూ ఇటూ తిప్పి చూస్తూ పావుగంట మాట్లాడుకున్నారు. తను దాన్ని కడిగించుకుని, కాగితంలో చుట్టి, కంపాస్ పెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. ఇంటర్‌లో బైపీసీ తీసుకుంది. చుట్టూ అందరూ ఎంబీబీఎస్ అంటుంటే తను మాత్రం బీడీఎస్ అనేది. ఆ మూడు అక్షరాలూ ఇంగ్లీషులో పెద్దగా, బియ్యం డబ్బా వెనక గోడ మీద సుద్దముక్కతో రాసుకుంది.

యార్డులో నా పక్కన కూర్చుని తొడిమలు తీసే అక్క ఒకావిడ ఉంది. నాకన్నా వయసులో పెద్దది, నోరు ఇంకా పెద్దది.

"గంత మనిషిని వదిలిపెట్టి ఉత్త నోట్లె ఏం జూస్తదే నీ బిడ్డ?" అనేది.

"నీ నోరు జూస్తదక్కా. ఒక్క దానికే ఐదేండ్లు పడ్తది" అనేదాన్ని.

మొదటిసారి నీట్ రాసినప్పుడు సీటు వచ్చేన్ని మార్కులు రాలేదు. ఫలితం చూసిన రోజు నుంచి తను గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం పెడితే తినేది, పిలిస్తే పలికేది, లేచేది కాదు. "నాకు రాదమ్మా. నేను గింతే" అనేది. మా ఆయన యార్డులోనే హమాలీ. ఎంత బరువు బస్తానైనా లేపే మనిషి, బిడ్డను లేపలేక గుమ్మంలో కాసేపు నిలబడి పనికి వెళ్లిపోయేవాడు. చదువు గురించి ధైర్యం చెప్పడానికి నాకు చదువంటే ఏమిటో తెలియదు. తెలియనిదాన్నే అడిగాను.

"లే బిడ్డా. నాకు అ ఆ లు నేర్పు."

"ఇప్పుడా? గీ వయసుల నేర్సుకొని ఏం జేస్తవ్?"

"నీకెందుకు? నువ్వు ఖాళీగనే ఉన్నవ్ గదా."

ఆ మాటకు కోపం వచ్చి లేచి కూర్చుంది. నాకు కావలసింది అదే. అప్పటికి నాకు నలభై నాలుగేళ్లు.

తొడిమలు తీయడానికి యార్డు నుంచి ఇంటికి తెచ్చుకున్న మిర్చి బస్తా ముందు ఇద్దరం కూర్చున్నాం. పలక లేదు. నేను గిల్లి పడేసిన తొడిమల్లోంచి వంకర వాటిని ఏరి, గచ్చు మీద అ అని పేర్చింది. తొడిమ కొస సహజంగానే కొంచెం వంగి ఉంటుంది, తెలుగు అక్షరానికి సరిగ్గా సరిపోతుంది. రోజుకు రెండు అక్షరాలు. ఒకరోజు పొద్దున లేచి చూస్తే గచ్చు అద్దంలా ఉంది, మా ఆయన ఊడ్చేశాడు.

"బాపూ, అమ్మ సదువంత చాటల ఎత్తిపోసినవ్!" అంది మా అమ్మాయి. ఫలితం వచ్చిన తర్వాత తను నవ్వడం అదే మొదలు.

తను మళ్లీ పుస్తకాలు తీసింది. ఈసారి కోచింగ్ లేదు, ఇంట్లోనే. నీట్ ప్రశ్నలు తెలుగులో కూడా ఇస్తారు, తను తెలుగే ఎంచుకుంది. చలికాలం వచ్చేసరికి నేను ఒత్తులతో సహా కూడబలుక్కుని చదవగలిగాను. పాత ప్రశ్నపత్రాలు నా చేతికిచ్చి, "నువ్వు సదువు, నేను జవాబు చెప్త" అంది. నేను ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుని చదివేదాన్ని. "కింది... వాటిలో... జీర్ణ... రసం..." అంటుండగానే తను "లాలాజలం" అనేసింది.

"జర ఆగు. ఇంకో రెండు మాటలున్నయ్."

"ఏమున్నయ్?"

"కా... ని... ది... ఏది."

తను నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత మొదటిసారి రాసిన పరీక్ష ప్రశ్నపత్రం బయటికి తీసి చాలాసేపు చూసింది. తప్పు పోయిన వాటిలో ఎన్నో ఇలాంటివే. వచ్చిన జవాబే, ప్రశ్న చివరిదాకా చదవలేదు. ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. నేను ప్రశ్న మొత్తం చదివేదాకా తను పెదవి కదపకూడదు. నాకంటే మెల్లగా చదివే మనిషి వరంగల్ మొత్తం వెతికినా దొరకదు. తనకు మొదట్లో ప్రాణం మీదికి వచ్చేది. పళ్లు కొరికేది, కాళ్లు ఊపేది. ఒకటి రెండు నెలలకు అలవాటైంది.

మే నెల వచ్చింది. పరీక్ష ఆదివారం. శనివారం మధ్యాహ్నం తను పుస్తకాలన్నీ మూసి, "ఒక్కటి గూడ గుర్తుకొస్తలేదమ్మా" అంది. నేను మిర్చి కుప్ప ముందు ఉన్నాను. నాకు మనసు బాగాలేనప్పుడు తొడిమలు తీస్తే కుదుటపడుతుంది. బిడ్డకు కూడా అంతేననుకున్నాను. "రా, జరసేపు కూసో" అన్నాను. తను కూర్చుంది, సాయంత్రం దాకా లేవలేదు. మనసు నిజంగానే కుదుటపడింది. అంతవరకు బాగానే ఉంది. లేచాక నాకు భయం పట్టుకుంది. మిరపకాయ ఘాటు వేళ్లను ఓ పట్టాన వదలదు. రేపు పరీక్షలో కన్ను నలుపుకుంటే ఎట్లా? తన రెండు చేతులూ దగ్గర పెట్టుకుని ఇటుకపొడి, బూడిద, కొబ్బరిపీచుతో మూడు దఫాలు రుద్ది కడిగాను. "మండుతాందమ్మా" అన్నా వినలేదు. వేలికొసలు గులాబీ రంగులోకి తిరిగి, నునుపు తేలాయి. శుభ్రమైందనుకుని సంతోషించాను.

పొద్దున తలకు కొబ్బరినూనె బాగా పట్టించి జడ వేశాను.

"జిడ్డు గారుతాంది! పరీక్షకు పోతున్ననా, జాతరకు పోతున్ననా?"

"సల్లగుంటది, ఊకో."

ముక్కుపుల్ల తీశాను, చెవులకున్నవి తీశాను, మెడలో నల్లదారం కూడా తీశాను. అవేవీ లోపలికి రానివ్వరు. మా ఆయన తెలిసినవాళ్ల ఆటో తెచ్చాడు. సెంటర్ కాజీపేట దారిలో ఒక కాలేజీ. గేటు బయట తాడు కట్టి తల్లిదండ్రులను అక్కడే ఆపారు. తాడు దగ్గర నిలబడితే లోపల షామియానా కింద వేసిన బల్ల కనిపిస్తుంది. పిల్లలు ఒక్కొక్కరే అక్కడ మిషన్ మీద వేలు పెట్టి ముందుకు పోతున్నారు. గేటు మూసే వేళ దగ్గరపడుతోంది.

మా అమ్మాయి వంతు వచ్చింది. వేలు పెట్టింది. ఎర్రలైటు.

అంత దూరం నుంచి కూడా ఆ ఎరుపు నాకు తెలిసింది. మళ్లీ పెట్టింది, మళ్లీ ఎరుపు. రెండో చెయ్యి పెట్టింది. బల్ల దగ్గరి మేడమ్ ఏదో చెప్పి పక్కకు చూపించింది. తను పక్కకు జరిగి నిలబడి, వెనక్కి తిరిగి నన్ను వెతుక్కుంది. గోడవైపు తిరిగి పడుకున్న రోజుల్లో ఉండే ముఖం అది. నేను ఇటుకపొడి పెట్టి అరగదీసింది బిడ్డ వేలిముద్రలను అని అప్పుడు అర్థమైంది. నాకు ఇరవై ఏళ్లు పట్టింది, తనకు ఒక్క సాయంత్రంలో చేసిపెట్టాను.

తాడు మీది నుంచి వంగి, యార్డులో బండివాణ్ని పిలిచే గొంతుతో అరిచాను. "తలకు రుద్దు బిడ్డా! బొటనేలు పాపిట్ల రుద్దు! గట్టిగ నొక్కకు!"

అందరూ తిరిగి చూశారు. కొందరు నవ్వారు. నా పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక తండ్రి, "ఏం మంత్రమమ్మా అది?" అన్నాడు.

"మంత్రం గాదు సారూ, రేషన్ బియ్యం తెచ్చుకునేటోళ్లకు ఎరుకే."

తను విన్నది. బొటనవేలిని పాపిట్లో రుద్దుకుంది. నేను పొద్దున పోసిన నూనె అంతా అక్కడే ఉంది. మేడమ్‌ను అడిగి మళ్లీ పెట్టింది. ఎరుపు. ఇంకోసారి రుద్దింది, ఈసారి ఆకు మీద నీటిబొట్టు పెట్టినంత మెల్లగా ఆనించింది.

పచ్చలైటు.

తాడు పట్టుకుని నేను ఎగిరిన ఎగురుడుకు మా ఆయన నా కొంగు పట్టుకుని లాగాడు. ఎందుకైనా మంచిదని వెనకున్న పిల్ల కూడా వేలు తలకు రుద్దుకుని పెట్టింది. ముద్ర పడకపోయినా కాగితం మీద రాయించుకుని లోపలికి పంపేవారేనని తర్వాత ఎవరో చెప్పారు. అయి ఉండవచ్చు. కానీ ఆ ముఖంతో లోపలికి వెళితే తను ఏం రాసేదో నాకు తెలుసు. పచ్చలైటు చూసిన తర్వాత తను భుజాలు సరిచేసుకుని నడిచింది.

సాయంత్రం బయటికి వచ్చాక మా అమ్మాయి మొదట అన్న మాట ఇది: "'కానిది' అన్నవన్ని దొర్కబట్టిన అమ్మా. ప్రతి ప్రశ్న నీ గొంతుతోనే సదివిన."

ఫలితం బాగానే వచ్చింది, ఆ తర్వాత కౌన్సెలింగ్ నెలల తరబడి నడిచింది. సీట్లు ఇచ్చిన రోజు నెట్ సెంటర్‌లో కంప్యూటర్ ముందు ముగ్గురం నిలబడ్డాం. తెర నిండా ఇంగ్లీషు. తను పైనుంచి ఒక్కో వరుసా ఆత్రంగా చూసుకుంటూ వస్తోంది. నాకు ఇంగ్లీషులో వచ్చినవి మూడే అక్షరాలు, బియ్యం డబ్బా వెనక గోడ మీదివి. నేను ఆ మూడింటినే వెతికాను.

"అగో, గది గాదా?" అని తెర మీద వేలు పెట్టాను.

అదే. సర్కారు కాలేజీలో సీటు. తను నన్ను కరుచుకుని ఏడ్చింది. మా ఆయన నెట్ సెంటర్ అతనితో, "మా ఆమెనే దొర్కబట్టింది" అని రెండుసార్లు చెప్పాడు.

మొదటి ఏడాది వాళ్లకు మైనం ముక్కను కత్తితో చెక్కి పన్ను చేయడం నేర్పిస్తారట. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు తను చెక్కినదొకటి తెచ్చి నా అరచేతిలో పెట్టింది. పై దవడ పన్ను, మూడు వేర్లు. నేను ఆ పన్నును కొంగున కట్టుకుని యార్డుకు తీసుకెళ్లాను. కొత్త మిర్చి రావడం మొదలైన రోజులవి. అన్నాల వేళ కొంగుముడి విప్పి చూపించాను. అక్క దాన్ని తీసుకుని వెలుగులో పెట్టి తిప్పింది, తన దవడకు ఆనించి చూసుకుంది.

"నాకు గీడ సలుపుతాందే. నీ బిడ్డ ఎప్పుడు జూస్తదట?"

"ఐదేండ్లు ఆగక్కా. అప్పుడే జెప్పిన గదా."

"ఐదేండ్లా! అప్పటిదాక నా పండ్లుంటయా?"

"లేకుంటే కట్టిస్తది."

"అయితే రాసుకో. మొదటి నంబర్ నాదే. మల్ల ఎవరన్న ముందటవడ్తె బాగుండదు."

అందరూ నవ్వారు. కానీ ఒక్కొక్కరే జరిగి వచ్చి నోళ్లు తెరిచి చూపించడం మొదలుపెట్టారు, ఏ పన్ను కదులుతోందో, ఏది జివ్వుమంటోందో. తూకం చీటీ ఒకటి వెనక్కి తిప్పి, దాని మీద రాసుకున్నాను. ఒక్కో అక్షరం పలుకుతూ, ఒత్తులు చూసుకుంటూ, తొందర లేకుండా. తొమ్మిది పేర్లయ్యాయి. ఒకటో నంబరు ఎదురుగా అక్క పేరుంది.