సోఫా పక్కకి పనస దుంగ

టీ గ్లాసు పెట్టుకోవడానికి చోటు వెతికి, ఆ వెతుకులాటలో అత్తవారి కొట్టుకి తాళం పడేంత పని చేసి, ఒక పాత స్నేహాన్ని సరిగ్గా మధ్యకి కోసేసిన కోడలిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. నవ్వొస్తే ఆపుకోకండి. మా అరకు సంత దారిలో అందరూ నవ్వడం అయిపోయింది, మీ వంతే మిగిలింది.

అప్పటికి నేను విజయనగరం నుంచి కాపురానికొచ్చి ఏడాది. మాది సంతకి వెళ్ళే దారిలో కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఆ ఏడే వెనకవైపు కొత్తగా హాలు వేసి, విశాఖపట్నం నుంచి సోఫా తెప్పించారు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు సోఫా కొని చూడు అనడం ఎందుకు మరిచారో! అది వచ్చిన దగ్గర్నుంచీ మా ఆయన టీ గ్లాసు నేలమీదే. దానికి ఆయన కాలే తగిలేది. ఆయన నన్నే చూసేవారు.

"దీనికి అటూ ఇటూ చిన్న టేబుళ్ళుండాలండీ" అన్నాను.

ఫోనులో ఇంటి సర్దుళ్ళ వీడియోలు పెట్టే ఒకావిడ చెప్పింది కూడా. ఒకవైపు వింటేజ్, అంటే పాతకాలంది, ఇంకోవైపు కాంటెంపరరీ, అంటే ఈ కాలంది పెడితే హాలుకే కళ వస్తుందట. ఆ రెండు మాటలూ నేర్చుకున్నాక నేను పప్పులో ఉప్పు చాలిందా అని అడగడం కూడా మానేశాను.

"ఏటే, ఒక్క సోఫాకి అటోరకం ఇటోరకమా? కాళ్ళకి రెండు రకాల జోళ్ళేసుకున్నట్టుంటాది" అన్నారు మా ఆయన. "రెండూ కొత్తవే కొందుం. తెల్లగా, నున్నగా."

"పాతదాంట్లో ఉన్న హుందాతనం మీకేం తెలుసు?"

"పాతది కావాలంతే అటక మీద మా తాత మంచముంది. దాని కోళ్ళు పీకి ఎట్టుకో."

ఈ గొడవ తేలకుండానే మా అత్తయ్య కంటి ఆపరేషనుకని విజయనగరంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళింది. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. అత్త ఊళ్ళో లేకపోయేసరికి ఈ ఉత్తమురాలు చీపురు పట్టుకుని కొట్టు ముందు వసారా ఊడుస్తూ, గోడవారన పడున్న పనస దుంగని మొదటిసారి కళ్ళు విప్పి చూసింది. ఐదుగురు పట్టేంత పొడుగు. కూర్చుని కూర్చుని పైభాగం నల్లగా అద్దంలా మెరుస్తోంది. మధ్యకి కోసి, మోకాలెత్తుకి కురచ చేసి నిలబెడితే రెండు టేబుళ్ళు! ఒకటి అలాగే ఉంచితే వింటేజ్. రెండోదానికి తెల్ల రంగు కొడితే కాంటెంపరరీ. ఇంత తెలివి ఈ తలలో ఎలా పట్టిందా అని నాకే ఆశ్చర్యమేసింది.

వడ్రంగి అప్పలరాజు రంపం తెచ్చాడు గానీ దుంగ మీద పెట్టలేదు.

"కోసీమంతారేటమ్మా? మరి సంత రోజు కొండోలంతా ఏటి మీద కూకుంతారు?"

"కుర్చీలు తెప్పిస్తున్నాను, కొత్తవి."

"అమ్మగోరికి సెప్పేరా?"

"వచ్చాక చూసి మురిసిపోతుందిలే. నువ్వు కొయ్యి."

కోశాడు. మెరుగు పెట్టాడు, రంగు వేశాడు. సోఫాకి చెరో వైపూ నిలబెడితే, నా మీదొట్టు, ఫోనులో బొమ్మలాగే ఉంది. టీ గ్లాసు కాసేపు ఎడమవైపూ, కాసేపు కుడివైపూ పెట్టుకుని తాగాను. "బాగానే ఉందే!" అన్నారు మా ఆయన. ఆ కొట్లోనే పుట్టిన మనిషికి ఆ దుంగ సంగతి తెలీదా అని మీరడగొచ్చు. పుట్టినప్పటి నుంచీ ఉన్న వస్తువు గోడతో సమానం, ఎవరికీ కనబడదు.

సంత రోజొచ్చింది. పొద్దున్నే కొండల మీంచి జనం అల్లం, రాజ్‌మా, చింతపండు నెత్తిన పెట్టుకుని దిగుతారు. ముందు మా వసారాలో దుంగ మీద కూలబడి, టీ తాగి, అప్పుడు సంతలోకి పోతారు. తిరుగు దారిలో ఉప్పూ సబ్బులూ మా దగ్గరే కొంటారు. ఏడాదిగా వాళ్ళని చూస్తూనే ఉన్నాను, వాళ్ళ కింద ఉన్నదాన్నే చూడలేదు.

ఆ రోజు దుంగ ఉండేచోట ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు వేశాను. ఒక తాత వాటిని చూసి ఆగాడు.

"కూర్చో తాతా."

"ఆపీసు కుర్చీల్లాగున్నాయి. కూకుంతే ఏదో కాయితం మీద ఏలుముద్ర ఎయ్యమంతారు" అని వెళ్ళిపోయాడు.

తర్వాత బుద్రత్త వచ్చింది. ఆమె మా అత్తయ్యకి నేస్తం. మా దగ్గర కొండవాళ్ళూ కొట్లవాళ్ళూ నేస్తం కట్టుకుంటారు. కట్టుకుంటే అది చుట్టరికం కంటే గట్టిది, అందుకే నాకు ఆమె అత్త.

"దుంగేదమ్మా?"

"లోపల పెట్టేనత్తా" అన్నాను, చూపించమంటుందని ఎదురుచూస్తూ.

దుంగ తీసినచోట నేల మీద మిగిలిన మచ్చని ఆమె కాసేపు చూసింది. "అలగా" అని గంప నెత్తికెత్తుకుంది. ఎదురు కొట్లో ఉప్పు కొనడం నేను కళ్ళారా చూశాను. సాయంత్రానికి మా కొట్లో నేనూ, మా ఆయనా, ఈగలూ మిగిలాం.

అత్తయ్యకి ఫోన్ చేశాను.

"బుద్రి ఎదురు కొట్లో ఉప్పు కొందా? ఏటి సేసినావే?"

చెప్పాను.

"కంటికి కట్టుంది గనక సరిపోయింది, నేకపోతే ఇప్పుడే బస్సెక్కొచ్చీద్దును. ఆ దుంగ బుద్రి పెనిమిటి కొండ మీంచి మోసుకొచ్చి ఏసింది. మీ మావ కొట్టెట్టిన కొత్తల్లో మన గుమ్మం ఎవులూ తొక్కీవోరు కాదు. కూకోడానికి సోటుంతే మావోల్లొత్తారు నేస్తం అని, ఏసి, ముందు తనే కూకున్నాడు. ఆయనా పోనాడు, మీ మావా పోనాడు. దుంగుంది గదాని ఈలంతా వత్తన్నారు. అది తీసీసినావంతే ఇంక రావొద్దన్నట్టే గదే!"

చేతులు కాలాక అందరూ ఆకులు పట్టుకుంటారు, నేను దుంగ కోశాక జిగురు డబ్బా పట్టుకున్నాను. "జిగురుకి ఆగదమ్మా" అన్నాడు అప్పలరాజు. మర్నాడే జీపెక్కి కొండ మీద బుద్రత్త ఊరికి పోయాను. ఆమె కళ్ళంలో కాఫీ పళ్ళు ఎండబోస్తోంది.

"దుంగ కోసీసేనత్తా" అని ఏడ్చేశాను.

"పొయ్యిలో ఎట్టీసినావా?"

"లేదత్తా. టీ గ్లాసు పెట్టుకోడానికి."

"గ్లాసు దుంగ మీదెడితే మరి నువ్వెక్కడ కూకుంతావు?"

"సోఫా మీద."

"అయితే గ్లాసుకి పీటేసి, మమ్మల్ని నిలబెట్టీసినావన్నమాట!" అని పకపకా నవ్వింది. చుట్టుపక్కలవాళ్ళని పిలిచి తమ భాషలో చెప్పింది. వాళ్ళూ నవ్వారు. కళ్ళు తుడుచుకుంటూ నేనూ నవ్వాను.

"వత్తాంలే. కాని ముందు ఐదుగురం కూకునీవోలం. రెండు ముక్కల మీద ఇద్దరమే పడతాం. మిగిలినోలో?"

"వాళ్ళకి సోఫా వేస్తానత్తా!" నోరు జారింది. జారిన నోటిని ఇంతవరకూ వెనక్కి లాక్కోలేదు.

తర్వాతి సంతకి సోఫా వసారాలోకి వచ్చింది, చెరో పక్కా నల్ల ముక్కా తెల్ల ముక్కా. బుద్రత్త అందరికంటే ముందొచ్చింది. సోఫాని చేత్తో నొక్కి చూసి, "దిగబడిపోతంది. కూకుంతే లెగనేం" అని వెళ్ళి తెల్ల ముక్క మీద దర్జాగా కూర్చుంది. వెనక వచ్చినవాళ్ళు నల్ల ముక్క మీదా, సోఫా చేతుల మీదా సర్దుకున్నారు. మధ్యలో మెత్తటి చోట వాళ్ళు సంతకి తెచ్చిన గుమ్మడికాయలు కూర్చున్నాయి.

ఇంత నవ్వులాటలోనూ ఒక్క మాట నవ్వకుండా చెబుతాను. వాళ్ళు రాకపోయినా వాళ్ళకి పోయేదేమీ లేదు, ఉప్పు ఏ కొట్లోనైనా దొరుకుతుంది. అయినా వచ్చారు. తెలివితక్కువ కోడలిని ఒక నవ్వుతో క్షమించి, అత్తయ్యా మామయ్యా కట్టుకున్న నేస్తాన్ని నాకూ కట్టబెట్టారు. ఈ కొట్టు తెరిచినప్పుడల్లా వాళ్ళకి మనసులో దండం పెట్టుకుంటాను.

కొన్నాళ్ళకి అత్తయ్య నల్ల కళ్ళజోడుతో పెరటి దారిన దిగింది. సరిగ్గా సంత రోజే.

"హాల్లో సోఫా ఏదే?"

"వసారాలో ఉందత్తయ్యా."

"మరి నీ టేబుల్లు?"

"వాటి మీద బుద్రత్తా వాళ్ళూ కూర్చున్నారు."

"ఆల్లు టీ తాగుతన్నారు గదా, గ్లాసులెక్కడెడతన్నారు?"

"సోఫా మీద."

అత్తయ్య కళ్ళజోడు తీసి, కట్టు విప్పిన కంటితో నన్ను తేరిపార చూసి, నవ్వాపుకోలేక బుద్రత్త పక్కకి పోయింది. నేను ఖాళీ హాల్లో చాప మీద కూర్చుని, టీ గ్లాసు కుడిచేత పట్టుకుని, మా ఆయన సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఈ ఇంట్లో పుల్లముక్కైనా సరే, దాని మీద ఎవరెవరు కూర్చున్నారో వాళ్ళందరినీ కూర్చోబెట్టి అడగందే కొయ్యను, కొయ్యనివ్వను.

ప్రమాణం అయ్యాక గ్లాసు నేల మీద పెట్టాను. మా ఆయన కాలు తగిలింది.