శివరాజప్ప అడిగిన ఇరవై వాట్లు

1966. జహీరాబాదులో బొంబాయి రోడ్డు పక్కన రేడియోలు బాగుచేసే దుకాణం నాది. అడిగినవాళ్లకు వాల్వులతో ఆంప్లిఫయర్లు కట్టి ఇచ్చేవాణ్ని. వాట్ల సంగతి అందరికీ మొదటినుంచి చెప్పి చెప్పి అప్పటికే అలసిపోయాను.

మొగుడంపల్లిలో చెరకు పండిస్తూ, పిల్లల చదువుకని జహీరాబాదులో కాపురముంటున్న శివరాజప్ప ఆ ఎండాకాలంలో వచ్చాడు. బొంబాయిలో ఉన్న తమ్ముడు స్టీరియో రికార్డు ప్లేయర్ పంపాడట. దానికి ఇరవై వాట్ల ఆంప్లిఫయర్ కావాలన్నాడు.

స్టీరియో అంటే కుడికీ ఎడమకూ వేరువేరుగా రెండు స్పీకర్లు. కంపెనీవాళ్లు కాగితం మీద వేసే ఇరవై చాలాసార్లు రెండు వైపులూ కలిపిన లెక్క, అదీ క్షణంపాటు వచ్చేది. పాట చీలకుండా నిలకడగా వచ్చేది అందులో సగం కూడా ఉండకపోవచ్చు. పైగా వాట్లు రెట్టింపు చేస్తే చెవికి శబ్దం కొంచెమే పెరుగుతుంది. ఇంట్లో గదికి ఒక్కో వైపు మూడు వాట్లు చాలన్నాను. ఆయన అయిష్టంగానే తలూపాడు. గొప్ప కోసం అడుగుతున్నాడని నేననుకున్నాను.

కట్టి ఇచ్చిన వారానికే మళ్లీ వచ్చాడు.

"సాలుతలేదు సాబ్. పెద్దది చెయ్యున్రి."

విసుక్కుంటూనే ఆయన వెంట ఇంటికి వెళ్లాను. వాల్యూమ్ చివరిదాకా తిప్పి ఉంది. పాట బొంగురుపోయి చీలుతోంది. ఆయన భార్య నాగమ్మ గోడవారగా కూర్చుని రెండు చెవులూ మూసుకుంది.

ఆమెకు క్షయ జబ్బు వస్తే దవాఖానలో నెలల తరబడి సూదులు వేశారట. జబ్బు తగ్గింది కానీ ఆ సూదులతో వినికిడి పోయింది; మరీ పెద్ద చప్పుడైతే మాత్రం చెవుల్లో పోటు వస్తుందట. అంతకుముందు పనిచేస్తూ ఎప్పుడూ ఏదో ఒకటి పాడుకునేదట.

"గట్టిగ పెడితె ఇంటదనుకున్న," అన్నాడు శివరాజప్ప, నావైపు చూడకుండా.

నాకు సిగ్గేసింది. వాల్యూమ్ తగ్గించి, ఒక స్పీకరు పెట్టెను ఆమె పక్కకు జరిపి, దాని మీద చెయ్యి పెట్టమని సైగ చేశాను. కాసేపటికి ఆమె వేళ్లు నెమ్మదిగా కదిలాయి.

"మాటలు తెలుస్తలేవు. దరువు తెలుస్తున్నది," అంది, అవసరానికి మించిన పెద్ద గొంతుతో.

పెద్ద ఆంప్లిఫయర్ పెడితే మాటలు కూడా వింటదా అని ఆయన అడిగాడు.

"ఎన్ని వాట్లు పెట్టినా ఇనరావు పటేలా. ఆమెకు నొప్పే మిగులుతది."

ఆయన వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆంప్లిఫయర్ కోసం ఎవరొచ్చినా, వినేదెవరని ముందు అడిగేవాణ్ని. చాలామంది నవ్వేవారు. జవాబు చెప్పేదాకా పని మాత్రం మొదలుపెట్టేవాణ్ని కాదు.