దసరా మర్నాడు గిరిజ తుపాకి

పార్సిప్పనీ తెలుగువాళ్ళలో గిరిజను ఎరగనివాళ్ళు లేరు. ఒకప్పుడు ఆవిడ గోంగూర పచ్చడి వల్ల ఎరుగుదురు, ఇప్పుడు తుపాకి వల్ల. యాభై దాటిన మనిషి, ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, దానికి తోడు మోకాళ్ళ నొప్పులు. సిటిజన్‌షిప్ వచ్చాక తోటివాళ్ళు పెరట్లో వంకాయలు పెంచారు, జుంబా క్లాసుల్లో చేరారు. ఈవిడ మనసు మాత్రం రెండున్నర శతాబ్దాల కిందటి సిపాయిల తుపాకి మీదికి పోయింది.

ఊరికే పోలేదు లెండి. ఒక ఆదివారం మారిస్‌టౌన్ వెళ్తే, పాతకాలపు సిపాయిల వేషం కట్టే ఒక క్లబ్బువాళ్ళు నీలం కోట్లు తొడుక్కుని, వరసగా నిలబడి తుపాకులన్నీ ఒక్కసారే పేల్చారు. దిక్కులు పిక్కటిల్లాయి. ఆ పొగ వాసన అచ్చం దీపావళి రాత్రి వీధి వాసన. గిరిజకు ఒళ్ళు పులకరించింది. ఆ వరసలో తనూ నిలబడాలనుకుంది.

క్లబ్బు కెప్టెన్ వాల్టర్ మంచివాడే. చేరిన రోజే చేయి కలిపి, నవ్వి, నిమ్మరసం పోసే బల్ల దగ్గర నిలబెట్టాడు. వరసలోకి రావాలంటే ఏటా అక్టోబరులో పెట్టే పరీక్ష నెగ్గాలి. యాభై గజాల దూరంలో కాగితం మీద గీసిన వలయంలో ఐదు గుళ్ళకు మూడు తగలాలి. తుపాకి మూడుసార్లు మొరాయిస్తే ఆ ఏటికి ఇంటికే. పోయిన ఏడు గిరిజ అరువు తుపాకితో దిగి, ఒక్కటీ తగలక, తల దించుకుని వచ్చేసింది.

ఈ ఏడు పట్టుదలకు పోయి, కావలసిన పర్మిట్లు తెచ్చుకుని, సొంత తుపాకి కొంది. పాత తుపాకులకు ఇప్పుడు కొత్తగా నకళ్ళు చేస్తారు. ఇటలీలో చేసింది అయితే క్లబ్బులో దర్జా. ఇండియాలో చేసింది అయితే చిన్నచూపు. గిరిజది ఇండియాదే.

"గోడకి తగిలిస్తే బాగుంటుంది" అన్నాడు క్లబ్బులో ఒక పెద్దమనిషి. గిరిజ పళ్ళు కొరుక్కుంది.

భర్త ధర్మారావు ఇంకో రకం. "రిటైర్‌మెంట్‌కి అందరూ కాండో ఫ్లాట్ బుక్ చేస్తుంటే, నువ్వేంటి గిరిజా, వార్‌కి ప్రిపేర్ అవుతున్నావ్?" అని చెవిలో జోరీగలా ఒకటే నస.

దసరా వచ్చింది. కార్లకీ లాప్‌టాప్‌లకీ మిక్సీకీ బొట్లు పెట్టాక, గిరిజ తుపాకిని పీట మీద పడుకోబెట్టి, చెక్క మీద గంధం, కుంకుమ పెట్టి హారతి ఇచ్చింది. ఆయుధపూజకు అసలు సిసలు ఆయుధం ఉన్న ఇల్లు ఊళ్ళో తమదొక్కటేనని ఆవిడ గొప్ప.

మర్నాడు పొద్దున్నే పరీక్ష. ఈ తుపాకి వ్యవహారం సులువే. ట్రిగ్గర్ నొక్కితే చెకుముకిరాయి ఉక్కుపలకను గీరుతుంది. రవ్వలు పక్కనున్న బుల్లి పళ్ళెంలో మందు మీద పడి భగ్గుమంటాయి. ఆ మంట సూదిబెజ్జమంత కంతలోంచి గొట్టంలోకి దూరి అసలు మందును అంటిస్తుంది. గిరిజ మందు పోసి, గుండు కూరి, గురి చూసి నొక్కింది. పళ్ళెంలో భగ్గుమంది. గొట్టం ఉలకలేదు, పలకలేదు. ఆగి, పళ్ళెంలో మళ్ళీ మందు పోసి నొక్కింది. మళ్ళీ అదే తంతు.

"గిరిజా, ఇంకొక్కసారే" అన్నాడు వాల్టర్ మెల్లగా.

వెనకనుంచి ఎవరో "ఇండియా గన్" అని కిసుక్కుమన్నారు. గిరిజకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇంకో ఏడాది ఆ బల్ల దగ్గర గ్లాసులు కడగడం తన వల్ల కాదు. గొట్టాన్ని గురివైపే ఉంచి, వంగి చూసింది. కంత మొదట్లో పచ్చగా ఏదో గడ్డకట్టి ఉంది. వాసన చూస్తే గంధం! తను పెట్టింది చెక్క మీదే కదా?

చూసేవాళ్ళ కోసం కట్టిన తాడుకు అవతల ధర్మారావు మొహం దాచుకుంటున్నాడు.

"ఏమండీ! ఈ కంతలో గంధం ఎవరు పెట్టారు?"

"నేనే... నిప్పు అక్కడ్నించే కదా వెళ్ళేది, బాగా పేలాలని దణ్ణం పెట్టుకుని కొంచెం ఎక్కువే అప్లై చేశా" అన్నాడు, దొంగ దొరికినట్టు.

గిరిజకు ఒళ్ళు మండింది, ఆ వెంటనే గుండె నిండిపోయింది. ఇన్నాళ్ళూ వెక్కిరించిన మనిషి చాటుగా తన తుపాకికి మొక్కాడు! "భక్తి ఒక్కటే ఉంటే సరిపోదండీ, బుద్ధి కూడా ఉండాలి!" అని అరిచి, నల్లపూసల గొలుసుకున్న పిన్నీసు తీసింది.

"ఆగు! ఇనుమైతే రవ్వ లేస్తుంది" అన్నాడు వాల్టర్.

"బంగారం" అంది గిరిజ.

వాల్టర్ నోరు వెళ్ళబెట్టి, కానీయమన్నట్టు తలూపాడు. ఆవిడ కంతను పొడిచి, గంధం పొడినంతా ఊది, పళ్ళెంలో తాజా మందు పోసింది. తాడో పేడో తేలిపోవాలనుకుని నొక్కింది.

ఢామ్మని పేలింది! పొగ విడిపోయేసరికి వలయం పై అంచులో బెజ్జం. రెండో గుండు ఎటు పోయిందో ఆ గుండుకే తెలియాలి. మూడోది లోపలే తగిలింది. నాలుగోది వెంట్రుకవాసిలో తప్పింది. ఐదోదానికి గిరిజ ఊపిరి బిగబట్టింది, ధర్మారావు కళ్ళు మూసుకున్నాడు. నొక్కింది. వలయం నడిబొడ్డున బెజ్జం పడింది!

కిసుక్కుమన్నవాళ్ళతో సహా అందరూ చప్పట్లు కొట్టారు. వాల్టర్ టోపీ తీసి, "వరసలో నీ చోటు చూసుకో" అన్నాడు.

నెగ్గినవాళ్ళంతా కలిసి పేల్చడం ఆ క్లబ్బు ఆనవాయితీ. గిరిజ పోయిపోయి మొదటి వరస మధ్యలో నిలబడింది. ఇద్దరు ఆజానుబాహులు చెరో పక్కకీ జరిగి చోటిచ్చారు. వాల్టర్ కేక వేశాడు. తుపాకులన్నీ ఒక్కసారి పేలాయి. ఆ మోతలో తనది ఏదో ఆవిడకు తెలియనేలేదు. మొహమంతా మసి, కళ్ళలో నీళ్ళు, నోటినిండా నవ్వు. పక్కవాళ్ళతో పాటే గిరిజ మళ్ళీ మందు పోయడం మొదలుపెట్టింది.