ఊటీ హోటల్ గుమ్మం దగ్గర

ఎనభైల్లో ఒక ఎండాకాలం, మిరప కోతలయ్యాక, నందిగామ నుంచి అమ్మని ఊటీ తీసుకెళ్ళా. ఊరి నడిమధ్య తెల్లదొరలు కట్టించిన పాత హోటల్లో దిగాం. అమ్మ చుట్టాలింటికి వచ్చినట్టు చెప్పులు గుమ్మం బయట విడిచింది. నాకు తల కొట్టేసినట్టయింది.

కాస్త తెలుగొచ్చిన ముసలి వాచ్‌మన్ కంగారుగా వచ్చాడు. "వేసుకోండమ్మా. దొరల కాలంలో మనవాళ్ళని చెప్పులతో ఈ గుమ్మం తొక్కనిచ్చేవాళ్ళు కాదు. మా నాన్న ఇక్కడ వంటవాడు, రోజూ విప్పేవాడు. దొరలు పోయిన రోజు చెప్పులతోనే లోపలికి నడిచాడు. అప్పట్నుంచీ ఇక్కడ ఎవరం విప్పం."

"నన్నెవరూ విప్పమనలేదుగా అన్నయ్యా" అంది అమ్మ. "మీ నాన్నగారు వండిపెట్టిన చోటు. చెప్పులతో ఎలా తొక్కను?"

ఆయన వంగి అమ్మ చెప్పులు గోడవారకి జరిపి, వాటి పక్కనే తన బూట్లు విప్పాడు.